ల్యాబ్ తాళం ఎవరి దగ్గర?

కంప్యూటర్ సైన్స్ విభాగం నోటీసు బోర్డు మీద క్లబ్బు ప్రకటన ఏ కాలేజీలో చూసినా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. పైన ఒక ఇంగ్లిషు పేరు, మధ్యలో ‘హ్యాకథాన్’ అనో ‘వర్క్‌షాప్’ అనో పెద్ద పెద్ద అక్షరాలు, అడుగున ఒక క్యూఆర్ కోడ్. దాని పక్కన చిన్నగా: ‘సాయంత్రం 4.30కి, సెమినార్ హాల్లో.’ షాద్‌నగర్ నుంచి రోజూ వచ్చిపోయే పిల్లలు ఆ నోటీసును కింది నుంచి పైకి చదువుతారు. ఆ చిన్న అక్షరాల దగ్గరే వాళ్ల సభ్యత్వం సంగతి తేలిపోతుంది.

షాద్‌నగర్ మొన్నమొన్నటిదాకా మహబూబ్‌నగర్ జిల్లా, అంటే పాలమూరు. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు రంగారెడ్డిలో కలిసింది. కంప్యూటర్లతో ఈ ఊరికి చుట్టరికం మాత్రం పాతదే. భూమిని ఫొటోలు తీసే ఉపగ్రహాలు పంపే సమాచారాన్ని అందుకునే కేంద్రం 1979 నుంచీ ఇక్కడ పనిచేస్తోంది. ఇప్పుడది ఇస్రో వారి జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంలో భాగం. దగ్గర్లోని ఎలికట్టలో మైక్రోసాఫ్ట్ డేటా సెంటర్ కోసం 48 ఎకరాలు కొన్నదని 2024లో పత్రికలు రాశాయి. పాలమూరు రైతు మబ్బు కోసం తరతరాలుగా ఆకాశం వంక చూశాడు. ఈ ‘క్లౌడ్’ ఎకరాల లెక్కన నేల మీదికే దిగుతోంది. ఆ గోడల అవతల ఏం జరుగుతుందో తెలుసుకోవాలని ఇక్కడి పిల్లలకు ఉండదా? ఉంటుంది. అందుకే డిగ్రీలో కంప్యూటర్ సైన్స్ తీసుకునేవాళ్లు తీసుకుంటారు, ఇంజినీరింగ్ సీటు వచ్చినవాళ్లు శంషాబాద్ వైపో, హైదరాబాదుకో ప్రయాణం కడతారు.

ఇంతకీ క్లబ్బులో చేరకపోతే పోయేదేమిటి? పరీక్షల్లో మార్కులేమీ తగ్గవు. పోయేది ఏమిటో తెలియాలంటే ఈ క్లబ్బులు ఎక్కడ పుట్టాయో చూడాలి.

అమెరికాలో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో 1946లో కొందరు విద్యార్థులు బొమ్మ రైళ్ల క్లబ్బు పెట్టుకున్నారు. కంప్యూటర్ ఊసే లేదు. గది నిండా చిన్న చిన్న పట్టాలు, వాటి కింద టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీల్లో వాడే రిలేలు, వైర్లు. ఏ రైలు ఏ పట్టా మీదికి మళ్లాలో ఆ వైర్ల అల్లిక తేల్చేది. రైళ్ల బొమ్మలు చూసి మురిసేవాళ్లు కొందరైతే, బల్ల కిందికి దూరి ఆ అల్లికతో కుస్తీ పట్టేవాళ్లు మరికొందరు. ఆ రెండో రకం వాళ్లే 1950ల చివర్లో విశ్వవిద్యాలయంలోని కంప్యూటర్ల దగ్గర రాత్రిళ్లు కాపు కాశారు. ‘హ్యాక్’ అనే మాటకు ఈ కాలపు అర్థం వాళ్ల వాడుకలోనే వచ్చింది. 1962లో ‘స్పేస్‌వార్’ అనే ఆట రాసిన వాళ్లలోనూ ఈ క్లబ్బు సభ్యులున్నారు.

ఆ క్లబ్బులో నాకు అన్నిటికంటే నచ్చింది ఒక నియమం. పట్టాల బల్ల దగ్గర నలభై గంటలు పనిచేసిన కుర్రవాడికి గది తాళంచెవి ఇచ్చేవారు. ఫారం నింపడం, ఇంటర్వ్యూ, బ్యాడ్జీ ఇవేవీ లెక్కలోకి రావు. నలభై గంటలు, ఒక తాళంచెవి. ఇక ఎప్పుడైనా వచ్చి పనిచేసుకోవచ్చు.

మన దగ్గర తాళంచెవి ల్యాబ్ అసిస్టెంట్ జేబులో ఉంటుంది, పర్మిషన్ లెటర్ హెచ్‌ఓడీ బల్ల మీద ఉంటుంది. అదొక బాధ. అసలు బాధ ఆ నలభై గంటలు. హాస్టల్ పిల్లలకు అవి రెండు వారాల సాయంత్రాలు. రోజూ ఇంటికి పోయేవాళ్లకు అవి ఎక్కడున్నాయి? కాలేజీ బస్సు తప్పితే ఆర్టీసీ బస్సు, అది తప్పితే కాచిగూడ నుంచి రైలు. సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ మధ్య 85 కిలోమీటర్ల లైను డబ్లింగ్, విద్యుదీకరణ పూర్తయి 2023 ఏప్రిల్‌లో జాతికి అంకితమైంది. అదే ఏడాది డిసెంబరు 9 నుంచి ఆడపిల్లలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఖర్చు తగ్గింది, నిజమే. చీకటి పడే వేళ మాత్రం మారలేదు. “ఎక్కడిదాంక వచ్చినవ్ బిడ్డా?” అని అమ్మ చేసే ఫోన్ మోగే వేళా మారలేదు.

ఇప్పుడు మన క్లబ్బుల సభ్యత్వం ఎలా నడుస్తుందో చూద్దాం. ఏడాది మొదట్లో ఫస్టియర్ పిల్లలు రాగానే ‘రిక్రూట్‌మెంట్’ అంటారు. ఆ మాటే కంపెనీలది. గూగుల్ ఫారం, ఆ తర్వాత సీనియర్ అన్నలు, అక్కలు చేసే ఇంటర్వ్యూ. గెలిచినవాళ్లు ‘కోర్ టీమ్’, మిగిలినవాళ్లు వలంటీర్లు. టెక్నికల్, డిజైన్, పీఆర్, లాజిస్టిక్స్ అని పంపకాలు. కొన్ని క్లబ్బులు పెద్ద సంఘాల కొమ్మలు: 1947లో పుట్టిన అమెరికా కంప్యూటర్ సంఘం ఏసీఎంకు విద్యార్థి శాఖలున్నాయి, 1965లో మొదలైన కంప్యూటర్ సొసైటీ ఆఫ్ ఇండియాకూ ఉన్నాయి. మరికొన్ని కంపెనీల నీడలో నడుస్తాయి. గూగుల్ తన విద్యార్థి క్లబ్బుల పేరు 2024లో మార్చేసింది, వాటితోపాటు కాలేజీల్లో బ్యానర్లూ మారాయి. క్లబ్బు పెట్టిన ఏడాదికి మిగిలేది చాలాచోట్ల మూడు వస్తువులే: ఒక లోగో, ఒక వాట్సాప్ గ్రూపు, డ్రైవ్ నిండా సర్టిఫికెట్లు. కుర్చీలు సర్దే పనిలో ఏడాదంతా గడిపి ఒక్క ప్రోగ్రామూ రాయని వలంటీర్లు ఎందరో. వాళ్లను తప్పుపట్టడం లేదు, వాళ్లకు ఆ పనే ఇచ్చారు.

తీరు వేరేగా ఉండొచ్చని చెప్పడానికి కాలిఫోర్నియాలోని ఒక కారు షెడ్డు చాలు. 1975 మార్చి 5న మెన్లో పార్క్‌లో గోర్డన్ ఫ్రెంచ్ అనే ఆయన ఇంటి గ్యారేజీలో ముప్పై మంది చిల్లర కూడారు. ‘హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్’ అలా మొదలైంది. సభల్లో ఒక్కొక్కరూ లేచి తన దగ్గర ఏముందో, తనకేం కావాలో చెప్పేవారు. చిప్పు ఉన్నవాడు, చిప్పు కావలసినవాడు సభ అయ్యాక ఒకచోట చేరేవారు. మన సంతలో ఎడ్ల బేరం నడిచినట్టే! స్టీవ్ వోజ్నియాక్ తన ఆపిల్-1 పటాలను తెచ్చి చూపి, పంచిపెట్టింది ఆ సభల్లోనే.

కోడింగ్ పోటీలదీ ఇలాంటి పాఠమే. ప్రపంచంలో పేరున్న విద్యార్థి పోటీ ఐసీపీసీ. జట్టుకు ముగ్గురు, ముగ్గురికీ కలిపి ఒకటే కంప్యూటర్, ఐదు గంటల సమయం. ఒక లెక్క సరిగ్గా చేసిన జట్టు బల్లకు ఒక రంగు బెలూను కడతారు. తప్పు జవాబు పంపి తర్వాత దాన్నే సరిచేస్తే, తప్పుకు ఇరవై నిమిషాల చొప్పున జరిమానా పడుతుంది. దీనివల్ల ఒక చిత్రం జరుగుతుంది. ఒకరు కీబోర్డు మీద ఉంటే మిగిలిన ఇద్దరూ కాగితం మీద ఆలోచించాలి, మాటలతో ఒకరి ఆలోచనలో మరొకరు తప్పులు పట్టాలి. అంటే పోటీ సాధనలో మూడింట రెండు వంతులకు కంప్యూటర్ అక్కర్లేదు! షాద్‌నగర్ రైల్లో ఎదురెదురు సీట్లలో కూర్చున్న ముగ్గురికి ఒక నోటుబుక్కు, ఒక పెన్ను ఉంటే ఉందానగర్ నుంచి తిమ్మాపూర్, కొత్తూరు దాటేలోపు ఒక లెక్క తేల్చుకోవచ్చు. ఆ పెట్టెనే క్లబ్బు గదిగా లెక్కకట్టి, ఆ గంటలను హాజరులో వేసే క్లబ్బు ఒక్కటైనా ఉండాలని నా కోరిక. అంతవరకు వద్దంటే, వారానికి ఒక సభను మధ్యాహ్నం భోజనాల వేళకు మార్చినా చాలు. టిఫిన్ డబ్బాలు తెరిచే చోట మాట బాగా సాగుతుంది.

తెలుగు నేల మీద హోమ్‌బ్రూ లాగా పంచుకునే దారిలో నడిచిన సంస్థ ‘స్వేచ్ఛ’. 2005లో హైదరాబాదు కేంద్రంగా మొదలైంది. సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు అనేది దాని మూలసూత్రం. తెలుగులో పనిచేసే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసింది. ఇంజినీరింగ్ కాలేజీల్లో దాని చుట్టూ ఏర్పడ్డ విద్యార్థి బృందాలను ‘గ్లగ్’ అంటారు, అంటే గ్నూ-లినక్స్ వాడేవాళ్ల గుంపు. వాళ్ల పండుగ పేరు ఇన్‌స్టాల్ ఫెస్ట్. ఎవరి ల్యాప్‌టాప్ వాళ్లు తెచ్చుకుంటే, తెలిసినవాళ్లు పక్కన కూర్చుని లినక్స్ ఎక్కించి పెడతారు. పాతబడి మూల పడేసిన ల్యాప్‌టాప్ కూడా చాలాసార్లు లేచి కూర్చుంటుంది. కొత్తది కొనలేని ఇంటికి అది చిన్న సంగతి కాదు. లినక్స్ కూడా ఒక విద్యార్థి పనే: 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లీనస్ టోర్వాల్డ్స్ దాన్ని మొదలుపెట్టాడు.

2023లో స్వేచ్ఛ, ఓజోన్‌టెల్ కంపెనీ కలిసి ‘ఏఐ చందమామ కథలు’ అనే చిన్న తెలుగు భాషా నమూనాను విడుదల చేశాయి. ఇది కథలల్లే యంత్రం. దానికి మేతగా వేయాల్సింది తెలుగు కథలు, అవేమో పాత పుస్తకాల్లో ఉన్నాయి. వేలమంది ఇంజినీరింగ్ విద్యార్థులు కూర్చుని ఆ పుటలను కంప్యూటర్ చదవగలిగే అక్షరాలుగా మార్చే పనిలో చెయ్యి వేశారు. అచ్చుపుటను యంత్రం తనంత తాను చదివితే ఏమవుతుంది? ‘ప’ను ‘వ’ అంటుంది, ఎందుకంటే తేడా అంతా తలకట్టు అంటుకుందా లేదా అన్నదే. ‘థ’ కడుపులో చుక్క మాసిపోతే ‘ధ’ అయిపోతుంది. ‘మ’, ‘య’ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇక్కడ జావా, పైథాన్ వచ్చినవాడికంటే తెలుగు బాగా చదివిన పిల్ల ఎక్కువ పనికొస్తుంది. పైగా ఈ పనికి సెమినార్ హాలు అక్కర్లేదు. ఫోన్‌లో ఒక పుట తెరిచి దిద్దుకుంటూ పోవచ్చు.

అచ్చు కథల తర్వాత యంత్రాలకు నేర్పాల్సింది మాట్లాడే తెలుగు. అది ఇంకా కష్టం. పాలమూరు ముసలవ్వ మాటలను రాతలోకి మారుస్తుంటే ‘అంబటాళ్లకు వచ్చిండు’ అన్న మాట వస్తుంది. అంబలి తాగే వేళకు వచ్చాడని. నగరంలో పెరిగిన కోర్ టీమ్ కుర్రవాడికి అది నిఘంటువులో దొరకకపోతే యంత్రం పొరపాటు అనుకుని ‘అబద్ధాలకు’ అని దిద్దేస్తాడు, శ్రద్ధగా. దిద్దొద్దని చెప్పగలిగిన పిల్ల ఆ వేళకు రైలు కిటికీ పక్కన కూర్చుని కొత్తూరు దాటుతూ ఉంటుంది.