కొండపల్లములలోని తడిపొదలును వాని నేలయు

నీరు పల్లమెరుగునని మన పెద్దలు చెప్పుదురు. చలిగాలియు నట్లే పల్లమెరుగును. ఈ రెండు సంగతులను జ్ఞాపకముంచుకొన్నచో ఆస్ట్రేలియా దేశపు కొండలయందలి యొక వింత మనకు సులభముగా బోధపడును.

ఆ దేశపు ఆగ్నేయభాగమున న్యూ సౌత్ వేల్సు, విక్టోరియా రాష్ట్రములలో నొక పర్వతశ్రేణి కలదు. అందు మిక్కిలి యెత్తైనది కోషియుస్కో శిఖరము. దాని యెత్తు 7,310 అడుగులు. సాధారణముగా కొండ నెక్కినకొలది చెట్లు తగ్గి, కడకు లేకుండ పోవును. ఇచ్చట సుమారు 5,000 అడుగుల యెత్తున నున్న కొన్ని లోయలలో దీనికి విపరీతముగా నుండును. వాలునేలలపై యూకలిప్టసు జాతికి చెందిన స్నోగమ్ అను చెట్లు నిలిచియుండగా, వానికి దిగువనున్న లోయలో చెట్టొక్కటియు కానరాదు. రాత్రివేళ చల్లబడిన గాలి బరువెక్కి, వాలు వెంబడి జారి, లోయలో నిలిచిపోవును. లేత మొలకలు ఆ చలికి తాళజాలవు. ఇంతియేగాక కరగిన మంచునీరును ఊటనీరును అచ్చటికే చేరుటచే నేల యెల్లప్పుడు తడిసియుండును.

అట్టి చోట పొట్టి పొదలు పెరుగును. వానిలో ఎపాక్రిస్, రిచియా, బేకియా యను జాతులు ముఖ్యమైనవి. వాని యాకులు చిన్నవి, గట్టివి. పొదల నడుమ రెల్లువంటి సన్నని మొక్కలు త్రాళ్లవలె పెనవేసికొని యుండును. వీని యడుగున స్ఫాగ్నమ్ అను నాచు మెత్తని పరుపువలె పరచుకొనియుండును. ఈ నాచులో ఖాళీయైన కణము లనేకము కలవు. వానిలో నీరు నిండుటచేత ఇది తన యెండుబరువుకు 15 మొదలు 20 రెట్ల వరకు నీటిని పట్టియుంచగలదు.

ఇక నేల సంగతి. వాలునేలలపై గాలి చొరబడును గనుక రాలిన యాకులను పురుగులు, వానపాములు, సూక్ష్మజీవులు త్వరగా మట్టిలో కలిపివేయును. అచ్చటి మన్ను గోధుమరంగుతో పొడిపొడిగా నుండును. పల్లమునందు అట్లు గాదు. నీరు నిండిన నేలలోనికి ప్రాణవాయువు చాలినంత చేరదు, చలియు అధికము. కావున చచ్చిన నాచును వేళ్లును పూర్తిగా క్రుళ్లక, పొరమీద పొరగా పేరుకొని, నల్లని పీట్ అను మన్నగును. ఒక గజము లోతు పీట్ పేరుకొనుటకు వేలకొలది సంవత్సరములు పట్టును. స్ఫాగ్నమ్ తన చుట్టునున్న నీటికి ఆమ్లగుణము కలిగించుటచే క్రుళ్లుట మరింత మందగించును. అందలి నత్రజనిలో హెచ్చుభాగము మొక్కలకు సులభముగా నందదు. ఎపాక్రిస్ వంటి పొదల వేళ్లయందు కొన్ని శిలీంధ్రములు నివసించి, ఆ యాహారమును వానికి సమకూర్చును. ఇట్లు మొక్కలు నేలను కల్పించుచున్నవి. నేల మొక్కలను నిలుపుచున్నది.

ఈ తడినేలను స్పంజితో పోల్చుట వాడుక. ఆ పోలిక సగమే సరియైనది. నిండిన స్పంజి మరికొంత నీటిని పట్టదు గదా! దీని ముఖ్యోపకారము నీటి వేగము నణచుట. నీరు నాచుగుండ మెల్లగా వడిసి, మట్టిని విడిచి, తేటయై వాగులలోనికి దిగును. మర్రీ మొదలగు గొప్ప నదులు ఈ కొండలలోనే పుట్టుచున్నవి.

19వ శతాబ్దపు మధ్యకాలము మొదలు కాపరులు వేసవియందు పశువులను ఈ కొండలకు తోలుకొని వచ్చుచుండిరి. దిగువ మైదానములలో గడ్డి మాడిపోవు కాలమున అది వారికి గొప్ప యాధారము. అయితే పశువుల గిట్టలు నాచును చీల్చినచోట చిన్న కాలువ యేర్పడును. నీరు పరచుకొని పారుట మాని ఆ కాలువను పట్టి పరుగెత్తును. అంతట నేలలోని నీటిమట్టము తగ్గి, నాచు ఎండి, గాలి సోకిన పీట్ క్రుళ్లి క్రుంగును. ఎండిన పీట్ నిప్పునకు సులభముగా లోనగును.

కొండమన్ను కొట్టుకొనిపోయి మర్రీనదిపై నున్న హ్యూమ్ జలాశయమును పూడ్చునేమో యను భయము 1940 ప్రాంతమున కలిగెను. అప్పుడు మేజీ ఫాసెట్ అను యువశాస్త్రజ్ఞురాలు ఈ సంగతిని పరిశీలించుటకు నియమింపబడెను. ఆమె 1945లో బొగాంగ్ పీఠభూమిపై కొంత నేలకు కంచె వేయించి, ప్రక్కనే మరికొంత నేలను పశువులకు విడిచి, రెంటియందలి మొక్కలను ఏటేట గుర్తించి వ్రాసెను. వాదించుటకు బదులు కొలిచి చూపుటయే ఆమె మార్గము. కంచెలోపల మొక్కలు దట్టమై, మట్టి కప్పబడజొచ్చెను. ఆమె తరువాతి వారును దశాబ్దములకొలది ఆ కొలతలను కొనసాగించిరి. 2005లో విక్టోరియా ప్రభుత్వము అచ్చటి జాతీయోద్యానవనమున పశువుల మేతకు అనుమతు లిచ్చుట మానెను.

2003లో చెలరేగిన కార్చిచ్చు ఈ కొండలలోని నాచునేలలను పెక్కింటిని కాల్చివేసెను. పిమ్మట పనివారు గడ్డిమోపులను, కొబ్బరిపీచు చుట్టలను కాలువలకు అడ్డముగా పెట్టి, నీటిని మరల నలుదిక్కుల పరచుకొనునట్లు చేసిరి. మన రైతు గండిపడిన కట్టను పూడ్చుట వంటిదే ఆ పని.

విద్యార్థులారా! మోకాలెత్తు పొదయు, కాలిక్రింద నణగు నాచును చూచువారికి అల్పముగా తోచును. కాని వేల యేండ్లలో నేర్పడిన మన్నును అవియే కాచుచున్నవి. ఆ మన్ను కరగి కొట్టుకొనిపోవుటకు కొలది వేసవులు చాలును. మరల పేరుకొనుటకు మనుష్యుని ఆయుష్షు చాలదు. కావున చెడిన పిమ్మట బాగుచేయుటకంటె, చెడకముందే కంచె వేయుట మేలు.