విశాఖపట్నంలో నడక ఛాయాగ్రహణం

నడక ఛాయాగ్రహణం అనగా కాలినడకన ఒక ప్రాంతాన్ని చూస్తూ, అక్కడి వెలుగును, కట్టడాలను, మనుషులను, వారి పనులను కెమెరాతో చిత్రించడం. ఫోటోవాక్ అనే మాట కూడా వాడుకలో ఉన్నది. అనుభవం గల ఛాయాగ్రాహకుడు ఒక్క విద్యార్థిని వెంటబెట్టుకొని నగరంలో తిరుగుతూ నేర్పే పద్ధతిని వ్యక్తిగత పాఠం అంటారు.

ఆంధ్ర ప్రదేశ్‌లోని విశాఖపట్నం ఈ విధమైన అభ్యాసానికి అనుకూలమైన నగరం. సముద్రం, కొండలు, ఓడరేవు, పాత పట్టణం ఇక్కడ ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి. అయితే ఇది తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం కూడా. ఓడరేవు, నౌకా నిర్మాణ కేంద్రం, ఉక్కు కర్మాగారం ఉన్న ఈ నగరంలో కంటికి కనిపించే ప్రతి దృశ్యాన్నీ చిత్రించే వీలు ఉండదు. అందువలన ఎప్పుడు బయలుదేరాలి, ఎక్కడ నిలబడాలి, దేనిని తీయకుండా వదలాలి అనే మూడు ప్రశ్నలతోనే ఇక్కడి పాఠం మొదలవుతుంది. కెమెరా మీటల సంగతి ఆ తరువాతిది.

నేపథ్యం

1839 ఆగస్టు 19న ఫ్రాన్సులో డాగురే కనుగొన్న ఛాయాగ్రహణ విధానాన్ని బహిరంగపరచారు. ఆ తేదీని ప్రపంచ ఛాయాగ్రహణ దినోత్సవంగా జరుపుకుంటారు. తొలినాటి కెమెరాలు బరువైనవి. అయినప్పటికీ యూజీన్ అట్జే (1857-1927) వంటివారు పెద్ద కెమెరాను మోసుకొని పారిస్ పాత వీధులన్నీ తిరిగి చిత్రించారు. 1925లో 35 మిల్లీమీటర్ల ఫిల్ముతో పనిచేసే చిన్న లైకా కెమెరా అమ్మకానికి వచ్చిన తరువాత నడుస్తూ చిత్రాలు తీయడం సులభమైనది.

తెలుగు నేలపై హైదరాబాదు నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్ దయాళ్ (1844-1905) ప్రసిద్ధుడు. ఆ తరువాతి కాలంలో తెలుగు పట్టణాలలో ఈ విద్య ఎక్కువగా ఫోటో స్టూడియోలలోనే సాగింది. కుర్రవాడు స్టూడియోలో సహాయకునిగా చేరి, దీపాలు పట్టుకోవడం నుండి చీకటి గదిలో ఫిల్ము కడగడం వరకు చూసి నేర్చుకొనేవాడు. డిజిటల్ కెమెరాలు, ఆ తరువాత కెమెరా గల సెల్ ఫోనులు వచ్చాక నేర్చుకొనే చోటు స్టూడియో నుండి వీధికి మారింది. 2008లో అమెరికాలో స్కాట్ కెల్బీ ప్రారంభించిన ప్రపంచవ్యాప్త ఫోటోవాక్ వలన గుంపుగా నడిచి చిత్రాలు తీసే పద్ధతి అనేక దేశాల నగరాలకు పాకింది.

పాఠం జరిగే తీరు

వ్యక్తిగత పాఠం సాధారణంగా కొన్ని గంటల నడకగా ఉంటుంది. గుంపు నడకలో ఎవరి చిత్రాలు వారు తీసుకుంటారు. వ్యక్తిగత పాఠంలో గురువు విద్యార్థి తీసిన ప్రతి చిత్రాన్నీ అక్కడికక్కడే చూసి, తప్పు ఎక్కడ జరిగినదో చెప్పి, అదే చోట మళ్ళీ తీయిస్తాడు.

మొదట నేర్పేది మూడు అంశాల సంబంధం. లెన్సులోని రంధ్రం ఎంత తెరుచుకున్నది (అపర్చరు), షట్టరు ఎంతసేపు తెరిచి ఉన్నది, సెన్సారు వెలుగుకు ఎంత త్వరగా స్పందిస్తుంది (ఐ.ఎస్.ఓ.) అనేవి ఆ మూడు. ఒకదానిని మార్చితే మిగిలిన రెండింటిలో ఒకదానిని సరిచేయవలెను. ఎండ బాగా ఉన్నప్పుడు మీటరు లేకుండానే లెక్కించడానికి ఒక పాత సూత్రం ఉన్నది. అపర్చరును ఎఫ్/16 వద్ద ఉంచి, షట్టరు కాలాన్ని ఐ.ఎస్.ఓ. సంఖ్యకు విలోమంగా పెట్టవలెను. ఐ.ఎస్.ఓ. 100 అయితే షట్టరు సెకనులో 100వ వంతు.

విశాఖ సముద్ర తీరంలో ఈ పాఠాన్ని అలలతో చూపించవచ్చు. సెకనులో 500వ వంతు లేదా అంతకంటే తక్కువ సమయం ఇస్తే అల చిందించిన నీటి చుక్కలు గాలిలో ఆగినట్లు కనిపిస్తాయి. కెమెరాను ముక్కాలి పీటపై ఉంచి అర సెకను లేదా అంతకంటే ఎక్కువ ఇస్తే అదే అల పొగమంచులా మెత్తగా పరచుకుంటుంది. నురగ తెల్లగా ఉన్నచోట కెమెరా మీటరు మోసపోతుంది. దృశ్యం సగటున బూడిద రంగులో ఉంటుందనే అంచనాతో అది పనిచేయడమే దీనికి కారణం. అటువంటప్పుడు వెలుగును ఒక మెట్టు పెంచవలసి వస్తుంది.

వెలుగు, వేళలు

విశాఖపట్నం సుమారు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 83.3 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉన్నది. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం ఇక్కడికి కొద్దిగా పడమరగా పోతుంది. అందువలన ఇక్కడ గడియారానికి, సూర్యునికి మధ్య తేడా తక్కువ. ఏడాది పొడుగునా సౌర మధ్యాహ్నం సుమారు 11:40 నుండి 12:10 మధ్యలోనే వస్తుంది.

జూన్ మొదట్లో సూర్యోదయం ఉదయం సుమారు 5:20కి, జనవరిలో సుమారు 6:30కి అవుతుంది. నగర తీరం ఆగ్నేయ దిక్కుకు తిరిగి ఉన్నందున సంవత్సరమంతా సూర్యుడు సముద్రం వైపు నుండే ఉదయిస్తాడు. అయితే ఉదయించే చోటు మారుతుంది. జూన్‌లో అది తూర్పు నుండి ఉత్తరానికి సుమారు 25 డిగ్రీలు, అనగా కైలాసగిరి, భీమిలి వైపుకు జరుగుతుంది. డిసెంబరులో అంతే కోణంలో దక్షిణానికి, డాల్ఫిన్స్ నోస్ కొండ వైపుకు జరుగుతుంది. కొండను, సూర్యుని ఒకే చిత్రంలో చూపదలచినవారు రోజును, నిలబడే చోటును ముందుగానే లెక్క వేసుకొనవలెను.

మే రెండవ వారంలోను, ఆగస్టు మొదటి రోజులలోను మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా ఉన్న వస్తువుకు నీడ పడదు. మనిషి ముఖంలో కళ్ళ కింద మాత్రం నల్లని నీడలు ఏర్పడతాయి. సూర్యుడు కిందుగా ఉండే ఉదయం, సాయంకాలం గంటలను ఛాయాగ్రాహకులు ఎంచుకోవడానికి ఇదే కారణం. సాయంత్రం వేళ సూర్యుడు పడమటి కొండల వెనుకకు పోవడం వలన చాలా చోట్ల అస్తమయానికి ముందే వెలుగు తగ్గిపోతుంది.

నడక దారులు

రామకృష్ణా బీచ్: కోస్టల్ బ్యాటరీ నుండి ఉత్తరంగా సాగే బీచ్ రోడ్డు మొదటి పాఠానికి సులువైన దారి. 1971 యుద్ధ స్మారకం, కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాల ఈ దారిలోనే ఉన్నాయి. ఐ.ఎన్.ఎస్. కురుసుర 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరిలో విరమించింది. 2002 ఆగస్టులో దానిని ప్రదర్శనశాలగా ప్రారంభించారు. జలాంతర్గామి లోపల ఇరుకు, మసక వెలుతురు ఉంటాయి కనుక ఐ.ఎస్.ఓ. పెంచి తీయడం ఇక్కడ నేర్చుకోవచ్చు. ఎదురుగా 2017 డిసెంబరులో ప్రారంభమైన టి.యు.-142 విమాన ప్రదర్శనశాల ఉన్నది. ఉత్తరంగా ఇంకా ముందుకు పోతే తెన్నేటి పార్కు వస్తుంది. 2020 అక్టోబరులో ఎం.వి. మా అనే బంగ్లాదేశ్ నౌక ఇక్కడి రాళ్ళ మీదకు కొట్టుకువచ్చి చాలాకాలం సందర్శకులను ఆకర్షించింది.

పాత పట్టణం: కురుపాం మార్కెట్టు, విక్టోరియా రాణి విగ్రహం, పాత పోస్టాఫీసు, టౌన్ హాలు పరిసరాలు సన్నని వీధులతో నిండి ఉంటాయి. ఎండ నేరుగా పడని వీధిలో ఎదుటి గోడ నుండి తిరిగి వచ్చే వెలుగు మెత్తగా ఉండి, ముఖచిత్రాలకు అనుకూలిస్తుంది. దగ్గరలో మూడు కొండలు వరుసగా ఉన్నాయి. ఒకదానిపై చర్చి (రాస్ హిల్), ఒకదానిపై దర్గా, ఒకదానిపై వేంకటేశ్వరస్వామి ఆలయం ఉన్నాయి. ఈ కొండల నుండి ఓడరేవు ప్రవేశ కాలువ కనిపిస్తుంది.

చేపల రేవు: తెల్లవారుజామున మరబోట్లు తెచ్చిన చేపలకు ఇక్కడ వేలంపాట జరుగుతుంది. గంపలు మోసేవారు, ఐసు దంచేవారు, బేరమాడే స్త్రీలు ఒకే సమయంలో కదులుతూ ఉంటారు. తూర్పు తీరంలో ప్రతి ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరబోట్ల వేటపై నిషేధం ఉంటుంది. ఆ రోజులలో వేలంపాటల సందడి తగ్గి, వరుసగా కట్టివేసిన బోట్లు, వాటి మరమ్మతులు, వలలు అల్లే దృశ్యాలు కనిపిస్తాయి.

ఎర్రమట్టి దిబ్బలు: నగరానికి, భీమిలికి మధ్య తీరాన ఉన్న ఈ దిబ్బలను 2014లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించింది. ఎర్రని నేల చిత్రమంతా నిండినప్పుడు కెమెరా దానిని సరిదిద్దబోయి రంగును పాలిపోయేటట్లు చేయవచ్చు. వైట్ బ్యాలెన్సును స్వయంగా నిర్ణయించడం నేర్చుకొనడానికి ఇది మంచి చోటు. దిబ్బల అంచులు సులభంగా విరిగిపోతాయి కనుక వాటిపై ఎక్కకూడదు.

నిషిద్ధ ప్రదేశాలు

విశాఖ ఓడరేవు 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే నౌక రాకతో మొదలైనది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు ఈ నగరంపై బాంబులు వేశాయి. 1971 డిసెంబరులో పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ ఈ తీరానికి సమీపంలోనే మునిగిపోయినది. ఇక్కడి భద్రతా నియమాలను ఈ చరిత్రతో కలిపి చూడవలెను.

1923 నాటి అధికార రహస్యాల చట్టం నౌకాదళ స్థావరాలు, రక్షణ కట్టడాలు, నౌకా నిర్మాణ స్థలాలు వంటివాటిని నిషిద్ధ ప్రదేశాలుగా పేర్కొంటుంది. దేశ భద్రతకు భంగం కలిగించే ఉద్దేశంతో వాటిని సమీపించడం, చిత్రించడం ఈ చట్టం ప్రకారం నేరం. విద్యార్థికి అటువంటి ఉద్దేశం లేకపోవచ్చును. కాని కొండ మీద నుండి పొడుగు లెన్సుతో యుద్ధనౌకను తీస్తున్న మనిషి ఉద్దేశం ఏమిటో కావలి సిబ్బందికి తెలియదు. విచారణ, కెమెరా స్వాధీనం వంటి చిక్కులు తరువాతి వివరణతో తేలికగా తీరవు. కనుక హెచ్చరిక బోర్డు ఉన్నచోట కెమెరాను సంచిలో పెట్టడం, సందేహం ఉన్నచోట ముందుగా అడగడం పాఠంలో భాగం. నౌకలను చిత్రించదలచినవారికి డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవ సందర్భంగా బీచ్‌లో ప్రజల ఎదుట జరిగే విన్యాసాలు తగిన అవకాశం.

ఉక్కు కర్మాగారం విషయంలోనూ ఇంతే. 1966 నాటి "విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు" ఉద్యమం తరువాత 1971 జనవరి 20న ఇందిరా గాంధీ దీనికి శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న పి.వి.నరసింహారావు జాతికి అంకితం చేశారు. కర్మాగారం లోపల అనుమతి లేకుండా చిత్రాలు తీయరాదు. డ్రోనుల విషయంలో 2021 నాటి డ్రోను నియమాలు గగనతలాన్ని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మండలాలుగా విభజించాయి. ఎరుపు మండలంలో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేనిదే డ్రోను ఎగురవేయరాదు.

మనుషుల అనుమతి

బోర్డు లేనిచోట కూడా ఒక హద్దు ఉన్నది. చేపల రేవులో పనిచేసేవారికి అది జీవనాధారం. వేలంపాట సాగుతున్నప్పుడు దారికి అడ్డుగా నిలిస్తే వారి బేరం చెడుతుంది. "అమ్మా, ఒక ఫోటో తీసుకోవచ్చా?" అని అడిగి, కాదంటే ముందుకు సాగిపోవలెను. అడిగితే సహజత్వం పోతుందనే వాదన ఉన్నది. అయితే అనుమతి ఇచ్చిన మనిషి కొద్ది నిమిషాలలో మళ్ళీ తన పనిలో మునిగిపోతాడు. అంతవరకు వేచి ఉండటమే దీనికి పరిష్కారం. తీసిన చిత్రాన్ని వారికి చూపించడం, వీలైతే ఒక ప్రతి అచ్చు వేయించి తరువాతి నడకలో ఇవ్వడం మంచి అలవాటు.

కెమెరా సంరక్షణ

సముద్రపు గాలిలోని ఉప్పు తుంపర లెన్సుపై పొరగా పేరుకుంటుంది. పొడి గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. ముందు ఊదుడు బుడ్డితో ఇసుకను తొలగించి, ఆ తరువాత మెత్తని గుడ్డతో తుడవవలెను. చల్లని ఏ.సి. గది నుండి తేమ గాలిలోకి తెచ్చిన వెంటనే లెన్సుపై ఆవిరి పడుతుంది. కెమెరాను కొంతసేపు మూసిన సంచిలోనే ఉంచితే బయటి వేడికి అలవాటు పడుతుంది. ఇసుకలో లెన్సు మార్చకూడదు.

చిత్రాల విలువ

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ వద్ద తీరం దాటి నగరంలోని చెట్లను పెద్ద ఎత్తున కూల్చివేసింది. 2023 నవంబరు 19 రాత్రి చేపల రేవులో జరిగిన అగ్నిప్రమాదంలో సుమారు 40 బోట్లు కాలిపోయాయి. అటువంటి సంఘటనకు ముందు రోజు వరకు మామూలుగా కనిపించిన వీధి, చెట్టు, బోటు ఆ తరువాత చిత్రాలలోనే మిగులుతాయి. కనుక విద్యార్థి తీసిన చిత్రం గొప్పగా లేకపోయినా తేదీ, చోటు, అక్కడ జరుగుతున్న పని రాసి భద్రపరచితే అది నగర చరిత్రకు ఉపయోగపడుతుంది. కెమెరా లేనివారు సెల్ ఫోనుతోనే ఈ అభ్యాసం చేయవచ్చును. ఒకే చోట నిలబడి, ఒకే దృశ్యాన్ని నెలకొకసారి ఒకే వేళకు తీస్తూ పోతే, ఏడాది తిరిగేసరికి వెలుగు ఎలా మారుతుందో, నగరం ఎలా మారుతుందో రెండూ తెలుస్తాయి.

ఇవి కూడా చూడండి

విశాఖపట్నం
ఛాయాగ్రహణం
రాజా దీన్ దయాళ్
ఐ.ఎన్.ఎస్. కురుసుర
విశాఖ ఉక్కు కర్మాగారం
ఎర్రమట్టి దిబ్బలు