పెంపుడు పాముకు ఎంత పెట్టె కావాలి? కొలవాల్సింది చుట్టను కాదు, నిడివిని

బస్తర్ దక్షిణ కొసన, ఆంధ్రప్రదేశ్ సరిహద్దుకు దగ్గర్లో ఉంటుంది ఎర్రబోరు. ఇలాంటి అడవి పక్క ఊళ్లలో వానలు మొదలయ్యే రోజుల్లో కొండచిలువ పిల్ల కంటబడితే అదేమీ వింత కాదు. రెండడుగులకు మించదు, విషం ఉండదు. ఒక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి పెంచుకోవచ్చని ఎవరికైనా అనిపించవచ్చు. కానీ అదే పిల్ల పెద్దయ్యాక 10 అడుగులు సాగుతుంది. అప్పుడు దానికి కావాల్సింది డబ్బా కాదు, ఒక గది.

ముందు చట్టం

మన కొండచిలువ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. పట్టినా, ఇంట్లో ఉంచుకున్నా 3 నుంచి 7 ఏళ్ల జైలుశిక్ష పడవచ్చు. నగరాల్లో కొందరు పెంచుతున్నది ఆఫ్రికాకు చెందిన బాల్ పైథాన్ వంటి విదేశీ జాతుల్ని. వాటికీ నిబంధనలున్నాయి. అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం సైటిస్ జాబితాలోని జంతువుల్ని పెంచేవారు వివరాలు నమోదు చేయించాలని 2022 సవరణ చెబుతోంది. అందుకు సంబంధించిన నియమాలు 2024 ఫిబ్రవరిలో వచ్చాయి. నమోదు పరివేష్ పోర్టల్‌లో జరుగుతుంది.

లెక్క ఎలా వేయాలి?

పాము చుట్ట చుట్టుకుంటుంది కాబట్టి తక్కువ చోటు చాలన్నది పాత నమ్మకం. పెట్టె పొడవు, వెడల్పు కలిపితే పాము నిడివికి సమానమైతే చాలని పెంపకందారులు చెప్పుకునేవారు. క్లిఫర్డ్ వార్విక్, ఆయన సహచరులు 2019లో ప్రచురించిన అధ్యయనం దీన్ని ప్రశ్నించింది. జూలు, పెట్ షాపుల్లోని 65 పాముల్ని గంటసేపు చొప్పున గమనిస్తే, 24 పాములు ఒళ్లు నిటారుగా, లేదా దాదాపు నిటారుగా చాచాయి. అంటే ఒళ్లు చాచుకోవడం పాముకు మామూలు అవసరమే. పెట్టెలో ఒక్క వైపైనా దాని పూర్తి నిడివికి తగ్గకూడదన్న వాదనకు ఇదే ఆధారం.

ఈ లెక్కన 4 అడుగుల బాల్ పైథాన్‌కు 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ఉన్న పెట్టెను కనీసంగా చూసుకోవాలి. చెట్లెక్కే జాతులకు ఎత్తు ఇంకా పెరగాలి. ఇరుకు పెట్టెలో కదలిక తగ్గి పాముకు కొవ్వు పడుతుంది. బయటపడాలని అద్దానికి మూతి రాసి రాసి గాయపరచుకుంటుంది.

పిల్లకు పెద్ద పెట్టె చెడుపా?

పెద్ద పెట్టెలో పిల్ల పాము తిండి మానేస్తుందని అంటుంటారు. అసలు ఇబ్బంది సైజు కాదు, దాక్కునే చోటు లేకపోవడం. ఖాళీగా, నలువైపులా కనబడే పెట్టెలో అది బెదురుతుంది. రెండు మూడు గూళ్లు, ఆకులు, బెరడు ముక్కలు పెడితే పెద్ద పెట్టెలోనూ కుదురుకుంటుంది. చిన్న పెట్టెతో మొదలుపెట్టినవారు రెండు మూడు నెలలకోసారి నిడివి కొలవాలి. పామును పట్టి లాగి సాగదీయకూడదు. పైనుంచి స్కేలుతో సహా ఫొటో తీసి, వెన్ను వెంట దారం పెట్టి లెక్కగట్టవచ్చు. నిడివి పెట్టె పొడవును దాటకముందే మార్చాలి.

మన ఎండలతో చిక్కు

పాము తన ఒంటి వేడిని తానే పుట్టించుకోలేదు. వెచ్చని చోటికీ చల్లని చోటికీ తిరుగుతూ సర్దుకుంటుంది. బాల్ పైథాన్‌కు ఒక కొస 32 డిగ్రీల సెల్సియస్ దగ్గర, రెండో కొస 26 దగ్గర ఉండాలి. చిన్న డబ్బాలో ఈ తేడా నిలవదు, మొత్తం ఒకే వేడికి వస్తుంది. చలి దేశాల వీడియోలు వేడి దీపం గురించే చెబుతాయి. వేసవిలో 40 డిగ్రీలు దాటే బస్తర్, ఖమ్మం ప్రాంతాల్లో పెద్ద సమస్య చల్లని కొసను కాపాడటం. అందుకూ పొడవైన పెట్టే కావాలి, దాన్ని పెట్టిన గదీ చల్లగా ఉండాలి.

బాల్ పైథాన్ 20 ఏళ్లకు పైగా బతకగలదు. అందుకే కొనే ముందు పిల్ల సైజు కాదు, ఆ జాతి పెద్దయ్యాక ఎంతవుతుందో చూసి, అంత చోటు ఇంట్లో ఉందో లేదో తేల్చుకోవాలి. లేకుంటే కొనకపోవడమే మేలు. పెంచలేక బయట వదిలేస్తే ఆ పామూ బతకదు, బతికితే ఇక్కడి జీవులకు ముప్పు. ఇక పొలం గట్టున కొండచిలువ పిల్ల కనబడితే దాని దారిన దాన్ని పోనివ్వాలి. ఇంట్లోకి వస్తే అటవీ శాఖకు కబురు చేయాలి.