పడమటి మండలాల పట్టు గూళ్లు, చైనా దారం

మదనపల్లెలో పట్టు గూళ్ల వేలం జరిగేటప్పుడు మనకు కనిపించేది రైతు, రీలరు, తూకం. కనిపించనివాడు ఇంకొకడున్నాడు. చైనా నుంచి ముడిపట్టు ఏ ధరకు దిగుతోంది, దానిమీద ఢిల్లీ ఎంత సుంకం వేసింది అన్నది తెలియకుండా ఏ రీలరూ పాట పెంచడు. అగ్రరాజ్యాల వాణిజ్య పోరు అంటే టీవీలో వచ్చే దూరపు వార్త అనుకుంటాం గానీ, పుంగనూరు, కుప్పం వైపు మల్బరీ పెట్టిన కుటుంబాలకు అది ఇంటి లెక్కే.

పట్టు కోసం రాజ్యాలు పోటీపడటం కొత్త కాదు. ఆరవ శతాబ్దంలో పట్టు వ్యాపారం పర్షియా చేతిలో ఉండేది. శత్రువుకు సొమ్ము పోయడం ఇష్టంలేని జస్టీనియన్ చక్రవర్తి కోసం, క్రీ.శ. 552 ప్రాంతంలో కొందరు సన్యాసులు పట్టుపురుగుల గుడ్లను రహస్యంగా కాన్‌స్టాంటినోపుల్‌కు చేర్చారని ఆనాటి చరిత్రకారుడు ప్రొకోపియస్ రాశాడు. 1941లో అమెరికా జపాన్ ఆస్తులను స్తంభింపజేయగానే జపాన్ పట్టు అక్కడికి రావడం ఆగిపోయింది. పారాచూట్ల కోసం యుద్ధకాలంలో మన దేశపు పట్టుకు గిరాకీ పెరిగింది. యుద్ధం ముగిశాక ఆ గిరాకీ పడిపోయింది. సెంట్రల్ సిల్క్ బోర్డు చట్టం వచ్చింది 1948లో.

ఇక మన కాలానికి వద్దాం. 2001 డిసెంబరులో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది. చవకైన చైనా ముడిపట్టు మన మార్కెట్లను ముంచెత్తడంతో 2003లో భారత్ దానిమీద యాంటీ డంపింగ్ సుంకం విధించింది. 2011 బడ్జెట్‌లో మాత్రం ముడిపట్టు దిగుమతి సుంకాన్ని 30 శాతం నుంచి 5 శాతానికి దించారు.

ఆ 25 శాతం రైతుకు ఎంత? లెక్క సులువుగా ఉండటానికి దిగుమతి ధర కిలోకు 2,000 రూపాయలు అనుకుందాం. సుంకంలో తేడా 500. కిలో దారం తీయడానికి సుమారు ఏడు కిలోల గూళ్లు కావాలి. ఆ తగ్గుదల అంతా రైతుమీదే పడితే కిలో గూళ్లకు 70 రూపాయలు పోయినట్టు. 130 కిలోలు పండించిన ఇంటికి ఒక్క పంటలోనే తొమ్మిది వేల పైచిలుకు. ఢిల్లీలో ఒక కాగితంమీద అంకె మారితే ఇక్కడ పిల్లల ఫీజు ఆగిపోతుంది.

అయితే సుంకం పెంచేస్తే సరిపోతుందా? ఈ మాట నీరుగట్టువారిపల్లెలో మగ్గం దగ్గర కూర్చుని అనడం కష్టం. పడుగుకు తెగని, సమానమైన దారం కావాలి. చైనా దారం అలా ఉంటుంది. మన సంకర జాతి గూళ్ల దారం చాలావరకు పేకకే పనికొస్తుంది. సుంకం పెరిగితే నేతగాడికి పెట్టుబడి పెరుగుతుంది, చీర ధర మాత్రం ఆ మేరకు పెరగదు. రైతును కాపాడే సుంకమే నేతగాడిని పిండుతుంది. ఇద్దరూ మనవాళ్లే, ఒకే తాలూకావాళ్లు. ఈ చిక్కును దాచి ఒక్క పక్షమే మాట్లాడే నాయకులను నమ్మలేం.

నా అభిప్రాయంలో దీనికి అసలు జవాబు దారం నాణ్యతలో ఉంది. 1991 నుంచి జపాన్ సహకారంతో దక్షిణాదిలో బైవోల్టిన్ జాతులను పెంచే పని సాగింది. మనకు చైనాతో పోటీ, జపాన్‌తో స్నేహం; ఒకప్పుడు ప్రపంచానికి పట్టు అమ్మిన జపాన్‌లోనేమో నేడు ఆ సేద్యం దాదాపు కనుమరుగైంది. చైనాలోనూ తీర ప్రాంతాల్లో కూలి ధరలు పెరిగి మల్బరీ సాగు గ్వాంగ్సీ వైపు తరలింది. బైవోల్టిన్ గూటికి ధర ఎక్కువే. కానీ దానికి చల్లని, శుభ్రమైన షెడ్డు, మంచి ఆకు, నీళ్లు కావాలి. బోర్లు ఎండే మన పడమటి మండలాల్లో కష్టమంతా అక్కడే.

2021 బడ్జెట్‌లో ముడిపట్టు సుంకాన్ని 10 నుంచి 15 శాతానికి పెంచారు. రైతుకు కొంత ఊరట. అయినా బేరంలో అతని బలహీనత పోలేదు. చైనా వ్యాపారి దారాన్ని గోదాములో పెట్టి ధర వచ్చేదాకా ఆగగలడు. చంద్రికలనుంచి తీసిన పచ్చి గూడు అలా ఆగదు. కొద్ది రోజుల్లో చిలుక గూటిని తొలుచుకుని బయటికొస్తుంది, ఆ గూటినుంచి తెగని దారం రాదు. అందుకే ధర పడిన రోజున కూడా కుప్పం రైతు మూటలు వెనక్కి తీసుకెళ్లలేక, పాడినంతకే ఇచ్చేసి బస్సెక్కుతాడు.