మెకానికల్ ఇంజినీరింగ్: ప్రోగ్రామింగ్ తొలి ఏడాదితో ఆగితే నష్టమేమిటి?

ఏఐసీటీఈ 2018 నాటి నమూనా పాఠ్యప్రణాళికలో ఇంజినీరింగ్ అన్ని శాఖలకూ మొదటి సంవత్సరంలోనే ప్రోగ్రామింగ్ ఉంది. అయితే, ఆ తరువాత దానితో పని పడకపోతే మెకానికల్ విద్యార్థులు నేర్చినది మరచిపోతారు. చివరి ఏడాదిలో ఫైనైట్ ఎలిమెంట్ సాఫ్ట్‌వేర్ చూపే ప్రతిబలం విలువ సరైనదో కాదో తేల్చుకోలేరు.

ఇందుకు పరిష్కారం, ఒకే భాషను నాలుగేళ్లూ కొనసాగించడం. థర్మోడైనమిక్స్‌లో ఆవిరి పట్టికల నుంచి మధ్య విలువలు రాబట్టడం, లోహపు పలకను గడులుగా విభజించి ఒక్కో గడిలో ఉష్ణోగ్రతను గణించడం వంటివన్నీ చిన్న ప్రోగ్రామ్‌కు తగిన లెక్కలే.

పైథాన్, సైల్యాబ్ ఉచితం. వాటి వినియోగాన్ని ఐఐటీ బొంబాయిలోని ఫాసీ ప్రాజెక్టు ప్రోత్సహిస్తోంది. ఇక కావలసింది అధ్యాపకుల మధ్య సమన్వయం. ఒకరు నేర్పినదాన్ని తరువాతివారు తమ పాఠంలో వాడించాలి, పరీక్షలోనూ అడగాలి.