కుక్కలకు మనుషుల మాత్రలు: మోతాదు కంటే ముందు తెలుసుకోవలసినవి

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో మామిడి తోటకు, వేరుసెనగ చేనుకు, పాడి పశువుల కొట్టానికి రాత్రి కాపలా కుక్కే. అది ఒక పూట తిండి ముట్టక ముడుచుకొని పడుకుంటే, యజమాని దాని చెవులను, పొట్టను తాకి చూస్తాడు. వేడిగా తగిలితే జ్వరమని భావించి, ఇంట్లో ఉన్న పారాసిటమాల్‌నో నొప్పి మాత్రనో పెరుగన్నంలో కలిపి పెడతాడు. పశువైద్యశాల దూరంగా ఉండడం, ఈ మాత్రలు చీటీ లేకుండానే దొరకడం ఇందుకు కారణాలు. విస్తరణ సిబ్బందిని రైతులు అడిగే ప్రశ్న కూడా "ఎంత మాత్ర పెట్టాలి?" అనే. అయితే మోతాదు కంటే ముందు తేల్చుకోవలసిన విషయాలు మూడు ఉన్నాయి.

అది నిజంగా జ్వరమేనా?

మనిషి సాధారణ శరీర ఉష్ణోగ్రత సుమారు 98.6 డిగ్రీల ఫారన్‌హీట్ కాగా, కుక్కకు 101 నుండి 102.5 డిగ్రీల వరకు ఉంటుంది. కనుక ఆరోగ్యంగా ఉన్న కుక్క కూడా మన చేతికి వెచ్చగానే తగులుతుంది. డిజిటల్ థర్మామీటరు కొనకు వాసెలిన్ రాసి, మలద్వారంలో సుమారు ఒక అంగుళం లోపలికి ఉంచి చూడడమే సరైన పద్ధతి. ఎండలో తిరిగి వచ్చిన కుక్కను అరగంట నీడలో ఉంచిన తరువాత చూడాలి. 103 డిగ్రీలు దాటితే జ్వరంగా అనుమానించవచ్చు.

వేసవిలో తీవ్రంగా రొప్పుతూ, 105 డిగ్రీలు దాటి, తూలిపడే కుక్కకు వచ్చినది చాలా సందర్భాల్లో వడదెబ్బ. దానిపై పారాసిటమాల్ పనిచేయదు. ఒంటిపై చల్లని నీరు పోసి, గాలి తగిలేలా చేసి, వెంటనే చికిత్సకు తరలించాలి.

మాత్ర పరిమాణం మనిషికి తగినది

60 కిలోల మనిషికి 650 మిల్లీగ్రాముల పారాసిటమాల్ మాత్ర కిలో బరువుకు సుమారు 11 మిల్లీగ్రాములు అవుతుంది. అదే మాత్ర 15 కిలోల ఊరకుక్కకు 43 మిల్లీగ్రాములు, 5 కిలోల పామరేనియన్‌కు 130 మిల్లీగ్రాములు. కుక్కల్లో కిలోకు సుమారు 100 మిల్లీగ్రాములు దాటితే కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది. మోతాదు ఇంకా పెరిగితే రక్తం ప్రాణవాయువును మోయలేక చిగుళ్లు గోధుమ లేదా నీలి రంగుకు మారవచ్చు. పిల్లులకు ఈ మందు అతి స్వల్ప మోతాదులో కూడా ప్రాణాంతకం కనుక ఎన్నడూ ఇవ్వరాదు.

ఐబుప్రొఫెన్ విషయంలో ముప్పు మరింత దగ్గర. 15 కిలోల కుక్కకు 400 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి పెడితే కిలోకు సుమారు 27 మిల్లీగ్రాములు చేరుతుంది. వాంతులు, జీర్ణాశయ పుండ్లు కలగడానికి ఆ మాత్రం చాలు. మోతాదు పెరిగితే మూత్రపిండాలు చెడిపోతాయి. డైక్లోఫెనాక్, నిమెసులైడ్ మాత్రలను కూడా ఇంట్లో వాడరాదు. జలుబు మాత్రల్లో పారాసిటమాల్‌తో పాటు ఫినైల్‌ఎఫ్రిన్, కెఫీన్ వంటివి కలిసి ఉంటాయి కనుక అవి ఇంకా ప్రమాదకరం.

జ్వరానికి కారణమేమిటి?

ఈ ప్రాంతపు కుక్కలను పీడించే పిడుదులు ఎర్లికియా కానిస్ అనే సూక్ష్మజీవిని వ్యాపింపజేస్తాయి. ఈ వ్యాధిలో జ్వరం, నీరసంతో పాటు రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్ల సంఖ్య పడిపోతుంది. అటువంటి స్థితిలో ఐబుప్రొఫెన్ ఇస్తే, ఒకవైపు జీర్ణాశయంలో పుండు, మరొకవైపు మిగిలిన ప్లేట్‌లెట్ల పనికి ఆటంకం కలిగి రక్తస్రావం తీవ్రమవుతుంది. ముక్కు నుండి రక్తం, నల్లని మలం, చిగుళ్లపై ఎర్రని చుక్కలు ప్రమాద సూచనలు. ఈ వ్యాధికి కావలసినది జ్వరం మాత్ర కాదు. రక్తపరీక్ష, ఆపై పశువైద్యుడు నిర్ణయించిన కాలం పాటు డాక్సీసైక్లిన్.

వేటిని వాడవచ్చు?

మనుషుల మందులన్నీ నిషిద్ధం కావు. దురదకు సెటిరిజిన్‌ను కిలోకు 1 మిల్లీగ్రాము చొప్పున రోజుకు ఒకసారి పశువైద్యులు సూచిస్తారు. అందులో జలుబు మందు కలిసి ఉండరాదు. పోవిడోన్ అయోడిన్‌ను పలుచని తేనీటి రంగు వచ్చేవరకు నీటితో కలిపి గాయాలు కడగవచ్చు. సిరప్‌లలో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటే వాడరాదు. అది కుక్క రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పడగొడుతుంది. ఏ మందుకైనా ముందు కుక్క బరువు తూచాలి, పశువైద్యుని ఫోనులోనైనా సంప్రదించాలి.

పొరపాటున మింగితే

వాంతి చేయించడానికి ఉప్పునీరు తాగించరాదు, ఉప్పే విషమవుతుంది. లక్షణాల కోసం వేచి ఉండక మాత్రల అట్టతో సహా కుక్కను ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. మొదటి రెండు గంటలు కీలకం. పారాసిటమాల్‌కు ఎసిటైల్‌సిస్టీన్ విరుగుడుగా ఉంది. ఐబుప్రొఫెన్‌కు ప్రత్యేక విరుగుడు లేదు.

విస్తరణ సిబ్బంది పాత్ర

పశువులకు వాడిన డైక్లోఫెనాక్ రాబందులను హరించిందని తేలి, 2006లో పశువైద్యంలో దానిని నిషేధించిన తరువాత కూడా మనుషుల ఇంజెక్షన్ సీసాలు పశువులకు మళ్లాయి. 2015లో సీసా పరిమాణాన్ని 3 మిల్లీలీటర్లకు కుదించవలసి వచ్చింది. మాత్రలను అలా కుదించడం సాధ్యం కాదు. అక్కడ అవగాహన ఒక్కటే మార్గం. రైతు శిక్షణ శిబిరాల్లో థర్మామీటరు వాడకాన్ని, తూకాన్ని, పిడుదుల నివారణను చేసి చూపడం, క్లిష్ట సందర్భాలను తిరుపతిలోని పశువైద్య కళాశాల ఆసుపత్రికి పంపడం అవసరం. "ఎంత మాత్ర?" అని అడిగిన రైతును "జ్వరం ఎంత? బరువు ఎంత? పిడుదులు ఉన్నాయా?" అని తిరిగి అడగగలిగితే సగం ప్రమాదం అక్కడే తప్పుతుంది.