మూఢం లెక్కలో నాలుగు నిమిషాల డిగ్రీ

సూర్యాస్తమయ వేళ పడమట మెరిసే గ్రహం సూర్యుడికి ఎంత ఎడంగా ఉందో డిగ్రీల్లో చెబుతారు. క్షితిజం నుంచి నడినెత్తికి 90 డిగ్రీలు. చేయి బారుగా చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు దాదాపు 10 డిగ్రీలు, చిటికెన వేలు ఒక డిగ్రీ. శుక్రుడు సూర్యుడికి 48 డిగ్రీలు దాటి ఎన్నడూ పోడు. 2025 జనవరి 10న 47 డిగ్రీల ఎడంలో సాయంత్రపు ఆకాశంలో వెలిగాడు. బుధుడి హద్దు 28.

ఇంకాస్త కచ్చితంగా కావాలంటే బడిపిల్లల కోణమాని చాలు. దాని కేంద్రానికి దారం కట్టి, కొసకు బరువు వేలాడదీసి, తిన్నని అంచు మీదుగా గ్రహాన్ని గురిచూడాలి. దారం 90 గుర్తు నుంచి ఎన్ని డిగ్రీలు పక్కకు జరిగితే గ్రహం అంత ఎత్తున ఉన్నట్టు. సూర్యుణ్ని మాత్రం ఇలా ఎప్పుడూ చూడకూడదు, కళ్లు దెబ్బతింటాయి.

నెల్లూరు తీరాన చిల్లకూరు వంటి చోట ఒక చిక్కుంది. సముద్రం తూర్పున ఉంది. పొద్దు గుంకేది నేలవైపు, చెట్ల వెనక, దూరాన వెలిగొండల దిక్కున. అసలు క్షితిజం కంటికి దొరకదు గనుక సూర్యుడు దాన్ని ఎప్పుడు తాకాడో తెలియదు. ఇక్కడ గడియారమే మంచి సాధనం. భూమి నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ తిరుగుతుంది. సూర్యుడు 6.05కు, శుక్రుడు 7.45కు మరుగైతే మధ్యలో 100 నిమిషాలు, అంటే 25 డిగ్రీలు. ఇద్దరూ ఇంచుమించు ఒకే చోట దిగితే అడ్డు ఇద్దరికీ ఒకటే. గాలి పొర కాంతిని వంచి క్షితిజం దగ్గరి బింబాన్ని అర డిగ్రీ పైకెత్తి చూపడం కూడా ఇద్దరికీ సమానమే. కాబట్టి తేడాలో ఆ తప్పులు చాలావరకు కొట్టుకుపోతాయి.

గ్రహం సూర్యుడికి దగ్గరై కనిపించకుండా పోయే, పెళ్లిళ్లు ఆపే మూఢం లెక్క ఇదే. సూర్యసిద్ధాంతం దీన్ని కాలాంశల్లో, అంటే ఈ నాలుగు నిమిషాల డిగ్రీల్లో చెప్పింది. గురువుకు 11, అంటే 44 నిమిషాలు. అంతకంటే దగ్గరైతే గురు మూఢం. శుక్రుడు సాయంత్రం తొలిసారి పొడసూపడానికి 10 కావాలి. తిరిగి పడమట మాయమయ్యేటప్పుడు వక్రగతిలో భూమికి దగ్గరగా, పెద్దగా ఉంటాడు గనుక 8 చాలు. కనిపించడం, కనిపించకపోవడం అన్న మామూలు అనుభవాన్ని కొలతగా మార్చిన ఈ పద్ధతి మెచ్చుకోదగ్గది.

అయితే ఎడం ఒకటే అయినా ఎత్తు రుతువును బట్టి మారుతుంది. చిల్లకూరు అక్షాంశం సుమారు 14 డిగ్రీలు. గ్రహాలు నడిచే క్రాంతివృత్తం మార్చిలో సూర్యాస్తమయ వేళ ఇక్కడ దాదాపు నిటారుగా నిలుస్తుంది. 47 డిగ్రీల ఎడంలోని శుక్రుడు 46 డిగ్రీల ఎత్తున ఉంటాడు. సెప్టెంబరులో క్రాంతివృత్తం వాలిపోవడంతో శుక్రుడు 35 డిగ్రీల దగ్గరే ఆగుతాడు. లండన్‌లో అదే సెప్టెంబరులో 11 డిగ్రీలే. అందుకే ఒక ఊరి అక్షాంశానికి కట్టిన పంచాంగంలోని మూఢం తేదీలు దూరప్రాంతానికి సరిపోవు.